షీటు కింద షాబాదు బండలు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఆ మాటకు భయపడే కాబోలు, వచ్చినవాళ్ళ కంట పడేవాటిని మనం ఎలాగోలా కప్పేస్తుంటాం. గోడ పెచ్చు ఊడితే క్యాలెండరు, సోఫా చిరిగితే కవరు, నేల బాగా లేకపోతే షీటు! నేను చేసింది సరిగ్గా అదే. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ షీటు వదిలించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నవి, చేసిన పొరపాటుతో సహా, అక్కయ్యలతో చెల్లెళ్ళతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

మాది వరంగల్. హంటర్ రోడ్డు పక్కన పల్లపు కాలనీలో పాత ఇల్లు. మా మామయ్యగారు 1978లో కట్టించారు. అప్పట్లో అందరిలాగే నేలకు షాబాదు బండలు వేయించారు. నేను కొత్త కోడలిగా వచ్చేనాటికి అవి నల్లబడి, సందుల్లో సిమెంటు లేచిపోయి ఉండేవి. మా పుట్టింట్లో నున్నటి మొజాయిక్ గచ్చు. ఈ బండలు చూస్తే నాకు నామోషీగా ఉండేది.

2004లో మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు చుట్టాలందరినీ పిలిచాం. చీటీ డబ్బు చేతికొచ్చింది. ముందు గదికీ, అత్తమ్మ పడుకునే గదికీ చెక్క డిజైను ఉన్న వినైల్ షీటు కొని, జిగురు పూయించి అంటించేశాను.

"ఎందుకు బిడ్డా, బండలకేమైంది? ఎండకాలం సల్లగుంటయి గద" అంది అత్తమ్మ.

"తుడుచుకోవడానికి తేలిక అత్తమ్మా" అన్నాను. అసలు సంగతి అది కాదని ఆమెకూ తెలుసు. మళ్ళీ ఒక్క మాట అనలేదు.

నీళ్ళు వచ్చాయి, వాసన మిగిలింది

పదిహేనేళ్ళు బాగానే గడిచింది. 2020 ఆగస్టు వానలకు వరంగల్‌లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మా గదుల్లోకీ చీలమండలోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీసిన తర్వాత పైపైన ఫినాయిల్‌తో తుడిచి, ఫ్యాన్లు పెట్టి, ఆరిపోయిందనుకున్నాను. షీటు మీద ఆరింది గానీ, కింద ఆరలేదు!

2023 జూలై 27న మళ్ళీ అదే గతి. రెండు రోజులకే భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందని విని, పిల్లల సర్టిఫికెట్లు, బియ్యం అటక మీద పెట్టుకుని కూర్చున్నాం. ఆ వాన తర్వాత గదిలో ముక్క వాసన పోనే లేదు. షీటు అక్కడక్కడా పూరీలా ఉబ్బింది. తలుపు దగ్గర అంచు లేచి, చుట్టుకుపోయింది. దాని మీద కాలిపట్టా వేసి కప్పాను. కప్పడం అలవాటైపోయింది కదా!

2024 సంక్రాంతి ముందు, తెల్లవారుజామున బాత్‌రూమ్‌కు వెళ్తూ ఆ అంచుకే కాలు తట్టి అత్తమ్మ పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. ఒక్కసారైనా "నీ షీటు వల్లే" అనలేదు. అంటే కొంత తేలికయ్యేదేమో.

మేస్త్రీని పిలిచాం. "అమ్మా, గీ బండలు కూడా పగలగొట్టి టైల్స్ ఏస్తే పీడ పోతది" అన్నాడు. అతను చెప్పిన లెక్క విని మా ఆయన మాట్లాడలేదు. డాక్టరు ఖర్చులు అప్పుడే అయ్యాయి. "షీటు అంటించింది నేను, తీసేదీ నేనే" అన్నాను. కట్టు విప్పిన తర్వాత అత్తమ్మను మా ఆడపడుచు ఇంటికి పంపించి, శివరాత్రి దాటాక కొంగు బిగించాను.

ముందు ఈ షీటు కథ తెలుసుకోండి

ఇలాంటివాటన్నిటినీ మనం లినోలియం అనేస్తాం. నిజమైన లినోలియం వేరు. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసె నూనెతో తయారుచేశాడు. మన ఇళ్ళలో ఉన్నది చాలావరకు వినైల్, అంటే పి.వి.సి. ఒక రకం ప్లాస్టిక్కే. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే శాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, గట్టి పి.వి.సి.ని మెత్తగా వంగేలా చేసే పద్ధతి కనిపెట్టాడు. జిగురు కోసం వెతికితే షీటు దొరికింది, ఆ షీటుకు మనం మళ్ళీ జిగురు పూశాం!

వినైల్ లోంచి నీరు పోదు. దాని గొప్పా అదే, లోపమూ అదే. పైన పాలు ఒలికితే తుడిచేయవచ్చు. కానీ పాత ఇళ్ళలో బండల సందుల్లోంచి నేల తేమ పైకి వస్తుంటుంది. బండ ఉత్తగా ఉంటే ఆ తేమ గాలికి ఆరిపోతుంది. పైన షీటు ఉంటే పోవడానికి దారి లేక కిందే మగ్గుతుంది. జిగురు వదులుతుంది, బూజు పడుతుంది, వాసన పుడుతుంది. వరద నీరు కూడా చేరితే ఇక చెప్పాలా!

ఒక మూల లేపి చూడండి

పని మొదలుపెట్టే ముందు మంచం కింద ఎవరికీ కనబడని మూల అరచేయంత షీటు లేపి, జిగురు ఎలాంటిదో చూడండి.

తెల్లగా ఉండి, తడి గుడ్డ వేస్తే మెత్తబడేది నీళ్ళ జిగురు. దీంతో బాధ తక్కువ.

పసుపుపచ్చగా, సాగుతూ, చెప్పులు అంటించే జిగురులా ఉంటే రబ్బరు జిగురు. నీళ్ళకు కరగదు, వేడికి మెత్తబడుతుంది. మాది ఇదే.

తారులా నల్లగా ఉండి, పైన షీటు కాకుండా వంగితే విరిగే గట్టి పలకలు ఉంటే మాత్రం అక్కడే ఆగిపోండి. పాతకాలపు వినైల్ పలకల్లో, వాటి నల్ల జిగురులో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ కలిపేవారు. మన దేశంలో కూడా అలాంటి పలకల కోసం ఐ.ఎస్. 3461 అనే ప్రమాణం ఉండేది. వాటిని పొడిగా గీకినా, మిషను పెట్టి అరగదీసినా కంటికి కనబడని నార దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. జబ్బు ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. పలకలు పగలకుండా ఉంటే కదిలించకుండా వదిలేయడమే మేలు. తీయక తప్పదనుకుంటే తెలిసినవాళ్ళ చేత తీయించండి. ఇది ఇంటి ఇల్లాలి పని కాదు. పాత ఇల్లు కొన్నవాళ్ళు ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

కావలసినవి

* కట్టర్ ఒకటి, దానికి అదనపు బ్లేడ్లు
* పెయింటర్లు లప్పం పెట్టే రేకు పట్టీలు రెండు (ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది)
* తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయర్ లేదా ఇస్త్రీపెట్టె
* పాత నూలు చీరలు రెండు, మందపాటి తువ్వాళ్ళు
* బట్టల సబ్బు పొడి, వేడి నీళ్ళు
* కోత మిషను దగ్గర దొరికే రంపపు పొట్టు, ఒక సంచెడు
* చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, కాళ్ళకు రబ్బరు చెప్పులు
* అన్నిటికంటే ఎక్కువగా, ఓపిక

చేసే విధానం

గదిలో సామాను మొత్తం బయట పెట్టండి. చంటిపిల్లలను, ఆయాసం ఉన్నవాళ్ళను ఆ నాలుగు రోజులూ ఆ గదివైపు రానివ్వకండి. షీటు లేపగానే కింద ఉన్న బూజు గాలిలో లేస్తుంది. కిటికీలు, తలుపులు బార్లా తెరవండి.

షీటును మొత్తంగా పట్టి లాగితే రాదు. నేనూ, మా ఆయనా మొదటి రోజు చెరో వైపు పట్టుకుని లాగాం. షీటు చిరిగింది, ఆయన నడుం పట్టేసింది. జానెడు వెడల్పు పట్టీలుగా కోసుకోవాలి. కట్టర్‌ను గట్టిగా అదమకండి, కింద బండకు గీత పడుతుంది. సగం మందం తెగితే చాలు, మిగతాది లాగేటప్పుడు అదే చీలుతుంది.

ఇప్పుడు ఒక పట్టీ చివర వేడి చేయాలి. మా అమ్మాయి తన హెయిర్ డ్రయర్ ఇచ్చింది. "నా జుట్టుకంటే నేలకే ఎక్కువ వాడుతున్నావ్ అమ్మా" అని సణిగినా, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చుని పట్టుకునేది. డ్రయర్ లేనివాళ్ళు తువ్వాలును తడిపి, గట్టిగా పిండి, షీటు మీద పరిచి, పట్టు చీరకు పెట్టేంత వేడిలో ఇస్త్రీపెట్టెను అర నిమిషం ఆనించండి. ఇస్త్రీపెట్టెను నేరుగా షీటు మీద పెట్టారో, షీటు కరిగి పెట్టెకు అంటుకుంటుంది, పొగ వస్తుంది. ఇంకొక మాట. నేల మీద నీళ్ళు నిలిచి ఉండగా కరెంటు వస్తువు ఏదీ ముట్టకండి. వేడి పని, తడి పని ఒకే పూట వద్దు.

జిగురు మెత్తబడగానే లప్పం పట్టీని పడుకోబెట్టి కిందకు తోస్తూ, రెండో చేత్తో షీటును చాప చుట్టినట్టు వెనక్కు చుట్టుకుంటూ రావాలి. పైకి లాగితే తెగుతుంది, నేల వెంబడి వెనక్కు లాగితే వస్తుంది. తొందరపడి చల్లారాక లాగితే మొదటికొస్తుంది. మూరెడు వేడి చేయడం, మూరెడు తీయడం. అంతే.

షీటు వచ్చినా దాని అడుగున ఉండే అట్టలాంటి పొర చాలాచోట్ల బండకే మిగిలిపోతుంది. దానికి డ్రయర్ అక్కర్లేదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పాత చీర ముంచి, నేల మీద పరిచి, అరగంట వదిలేయండి. అప్పడాల పిండిలా నానుతుంది. అప్పుడు గీకితే ముద్దలు ముద్దలుగా వచ్చేస్తుంది. ముద్ద ఎండిపోకముందే ఎత్తేయాలి.

మొండి జిగురుకు మందు

అసలు పరీక్ష ఇక్కడే. ఎక్కడ కాలు పెట్టినా చెప్పు అంటుకుపోతుంది. నా పదకొండు రోజుల్లో ఆరు రోజులు ఈ జిగురుకే పోయాయి.

పలచగా ఉన్నచోట, బాగా వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పది నిమిషాలు వేసి గీకాను. మందంగా ఉన్నచోట, నేల ఆరాక డ్రయర్‌తో వేడి చేసి గీకాను. గీకిన జిగురు మళ్ళీ నేలకు అంటకుండా రంపపు పొట్టు చల్లితే ఉండలు కట్టుకుని చీపురుకు వస్తుంది. ఈ చిట్కా చెప్పింది మా వీధి చివర వడ్రంగి. చపాతీ పిండికి పొడి పిండి అద్దినట్టే.

అప్పటికీ మిగిలిన మరకలకు గుడ్డ కొసను టర్పెంటైన్ నూనెలో ముంచి, ఒక్కొక్క మరక మీద అద్ది తుడిచాను. ముందు మూలలో పరీక్షించండి. ఈ నూనె వాడే రోజు ఇంట్లో పొయ్యి, అగరొత్తి, దీపం ఏదీ వెలిగి ఉండకూడదు. తుడిచిన గుడ్డలు మూటగా పడేయకుండా బయట విడివిడిగా ఆరేయాలి.

పెట్రోలు, గ్యాసు నూనె, థిన్నర్ గదినిండా పోసి కడిగితే క్షణాల్లో పోతుందని చాలామంది సలహా ఇచ్చారు. ఆ ఆవిరి నేల మీద పరుచుకుని, పక్క గదిలో వెలిగించిన అగ్గిపుల్లకు కూడా అంటుకుంటుంది. జిగురు ఉంటే ఇంకో రోజు గీక్కుందాం. ఆ పని మాత్రం చేయకండి.

నా పొరపాటు

తొమ్మిదో రోజు. అత్తమ్మ పడిపోయిన తలుపు దగ్గరే ఒక మరక ఎంతకూ పోలేదు. విసుగొచ్చింది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి కొంచెం పోశాను. బుస్సుమని నురగ పొంగింది. భయపడి బకెట్ నీళ్ళు కుమ్మరించాను. జిగురు అలాగే ఉంది, బండ మాత్రం తెల్లగా, గరుకుగా తినేసినట్టయింది!

షాబాదు బండయినా, తాండూరు బండయినా సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే రాయే కరుగుతుంది. జిగురుకు యాసిడ్ లెక్కే లేదు. గాఢమైన యాసిడే కాదు, నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ కూడా ఈ బండలకు శత్రువులే. ఇత్తడి బిందెకు పనికొచ్చింది బండకు పనికిరాదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అరిచేయంత ఉంటుంది.

తీసిన షీటును ఏం చేయాలి?

మేము షీటు చుట్టలు గేటు పక్కన పెట్టాం. హోళీ దగ్గర పడింది. కాముని దహనానికి పాత సామాను పోగుచేసే పిల్లలు వచ్చి "ఆంటీ, ఇవి తీస్కపోతం" అన్నారు. నేను ఇవ్వలేదు. పి.వి.సి. కాలితే గొంతు, కళ్ళు మండించే యాసిడ్ వాయువు వస్తుంది, డయాక్సిన్లనే విషాలూ పుడతాయి. కాముని మంటలోనే కాదు, భోగి మంటలో గానీ, నీళ్ళ పొయ్యిలో గానీ ఒక్క ముక్క కూడా వేయకూడదు. చిన్న చుట్టలుగా కట్టి, పొడి చెత్తగా మున్సిపాలిటీ బండికి ఇచ్చేయండి. పిల్లలకు పాత పెట్టె చెక్కలు రెండు ఇచ్చి పంపాను.

బండలు బయటపడ్డాక

గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు పొడి కలిపి కడిగి, మంచి నీళ్ళతో రెండుసార్లు తుడవండి. వెంటనే ఏమీ పరవకండి. ఏళ్ళ తరబడి మగ్గిన తేమ పోవాలి. మేము వారం రోజులు కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి వదిలేశాం. ఆ తర్వాత లేచిపోయిన సందుల్లో మేస్త్రీ చేత సిమెంటు నింపించాను. ఆ ఒక్క పనికే కూలి ఇచ్చాం. ఈ పనంతా ఎండాకాలం మొదట్లో పెట్టుకోండి. మన వరంగల్ ఎండకు షీటు సగం తనే మెత్తబడుతుంది, నేలా త్వరగా ఆరుతుంది. వానాకాలంలో మొదలుపెడితే తడి పోదు.

కడిగిన రోజు సాయంత్రం నేలను చూసి నాకే ఆశ్చర్యమేసింది. నేను నలుపనుకున్నది రాయి రంగు కాదు, ఏళ్ళ తరబడి పట్టిన జిడ్డు. కింద ఉన్నది నీలం కలిసిన బూడిద రంగు. మన ఊరి వేయిస్తంభాల గుడి 1163 నాటిది. ఆ రాతి మీద చెప్పులు విప్పి నడుస్తూ 'ఎంత చల్లగా ఉందో' అని మురిసిపోయేదాన్ని. ఇంట్లో ఉన్న రాతికి మాత్రం సిగ్గుపడ్డాను!

అత్తమ్మ ఉగాది ముందు రోజు వచ్చింది. గడపలో నిలబడి చూసింది. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, తన మంచం పక్కన నేల మీద కూర్చుంది. విరిగిన చేతి అరచెయ్యి బండ మీద ఆనించింది.

"మీ మామ లారీ ఎంబడి పోయి ఏరి తెచ్చిండు గీ బండలు. సందులకు సిమెంటు కలిపింది నేనే" అంది. పెళ్ళయి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ సంగతి నాకు తెలియదు. అడిగితే కదా!

తలుపు దగ్గరి తెల్ల మచ్చ చూపించి, "యాసిడ్ పోశాను అత్తమ్మా, పాడుచేశాను" అన్నాను.

"పోనీ తియ్. గది నీ గుర్తు" అని నవ్వింది.

ఇప్పుడు ఆ గదిలో కొత్తవాడలో నేసిన వరంగల్ దర్రీ వేశాం. 2018లో ఈ దర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోజూ ఉదయం ఎత్తి దులుపుతాను, నెలకోసారి ఎండకు వేస్తాను. అత్తమ్మ నడిచే దారిలో మాత్రం ఏమీ పరవలేదు, ఉత్త బండే. నాకు తెలిసింది ఒక్కటే. నేల మీద ఏది పరిచినా, మళ్ళీ ఎత్తి కింద చూసుకునే వీలుండాలి.

గుర్తుంచుకోండి

* షీటు ఉబ్బినా, అంచు లేచినా ఆ రోజే సరిచేయండి. పైన పట్టా వేసి కప్పకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మరీ జాగ్రత్త.
* వరద నీరు వచ్చిన ఇంట్లో షీటు పైన తుడిస్తే చాలదు. లేపి కింద ఆరబెట్టాలి.
* నల్ల జిగురు, గట్టి పలకలు కనబడితే గీకవద్దు.
* మూరెడు వేడి, మూరెడు పని. తొందర వద్దు.
* షాబాదు, తాండూరు బండలకు యాసిడ్, నిమ్మ, చింతపండు తగలనివ్వకండి.
* పెట్రోలు, గ్యాసు నూనె వద్దు. తీసిన షీటు కాల్చవద్దు.

మీ ఇంట్లోనూ పాత షీటు ఉందా? ఈ ఆదివారం మంచం జరిపి ఒక మూల లేపి చూడండి.